గోధుమకు అడవి చుట్టాలు చాలామందే ఉన్నారు, వియ్యం కుదరడమే కష్టం

అడిగిన ప్రశ్న: "సార్, నేను రాజేంద్రనగర్‌లో ఎమ్మెస్సీ జెనెటిక్స్ చదువుతున్నాను. మాది సిద్దిపేట దగ్గర పల్లె, నాన్న మొక్కజొన్న, కంది వేస్తాడు. పీహెచ్‌డీకి ఉత్తరాదిలో ఒకచోట గోధుమ, దాని అడవి జాతుల మీద టాపిక్ ఇస్తామన్నారు. అడవి జాతుల్లో మంచి జన్యువులున్నాయని డెబ్బై ఏళ్లుగా అంటున్నారు కదా, మరి నేరుగా సంకరం చేసి రకాలు తీసేయడానికి అడ్డేంటి? ఇది జీఎం కిందికి వస్తుందా? గోధుమ పండని మనకు దీనితో పనేంటి?"

మూడు అడిగారు గానీ మొదటిది తేలితే మిగతా రెండూ సగం తేలిపోతాయి. అందుకని దాని మీదే ఎక్కువ రాస్తాను. నేను ఇరవై ఆరేళ్లు గోధుమ క్రోమోజోములు లెక్కపెట్టి, రిటైరై ఇప్పుడు హబ్సిగూడలో ఉంటున్నాను. గోధుమను తిన్నదాని కంటే మైక్రోస్కోపు కింద చూసిందే ఎక్కువ, మా ఇంట్లో రెండు పూటలా అన్నమే.

ముందు వంశం సంగతి. చపాతీ గోధుమలో మూడు వేర్వేరు గడ్డి జాతుల వంశాలు ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నాయి. ఒక్కో వంశానికి ఏడు జతల క్రోమోజోములు, మొత్తం 42. వీటికి ఏ, బీ, డీ అని పేర్లు. ఏ వంశం ఉరార్తు అనే అడవి గోధుమ నుంచి వచ్చింది. బీ వంశం ఎవరిదో కచ్చితంగా తేలలేదు, స్పెల్టాయిడిస్ అనే గడ్డికి దగ్గరి జాతి అంటారు. ఈ రెండూ ఎన్నో లక్షల ఏళ్ల కిందట కలిసి 28 క్రోమోజోముల అడవి ఎమ్మర్ పుట్టింది. మనిషి దాన్ని సాగులోకి తెచ్చాక, ఎనిమిది పది వేల ఏళ్ల కిందట, కాస్పియన్ సముద్రానికి దక్షిణంగా ఎక్కడో, పొలంలో కలుపుగా మొలిచే టౌషీ అనే గడ్డి దానితో కలిసింది. అలా డీ వంశం చేరి 42 అయ్యాయి. ఈ డీ తండ్రి టౌషీయేనని 1940లలో జపాన్‌లో కిహారా, అమెరికాలో మెక్‌ఫాడెన్, సియర్స్ దాదాపు ఒకేసారి, విడివిడిగా తేల్చారు. మధ్యలో యుద్ధం, ఒకరి కాగితాలు ఇంకొకరికి అందే వీలే లేదు.

ఆ చివరి పెళ్లి చాలా కొద్దిసార్లే జరిగింది. పొలంలో ఉన్న నాలుగైదు టౌషీ మొక్కలకు దక్కిన అదృష్టం అనుకోండి. కొండల్లో, గట్లలో మిగిలిపోయిన వేలకొద్దీ టౌషీ మొక్కల జన్యువులు గోధుమలోకి రానే లేదు. డీ వంశంలో వైవిధ్యం బీదగా ఉండటానికి కారణం ఇదే. అడవి చుట్టాల అవసరం అసలు ఇక్కడ మొదలవుతుంది.

సైజు గురించి కూడా ఒక మాట. జీనోమ్ అంటే ఒక జీవి డీఎన్‌ఏ మొత్తం. వరి జీనోమ్ సుమారు 40 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు, మనిషిది 300 కోట్లు, గోధుమది 1,600 కోట్లు. అందులో 85 శాతం దాకా పదేపదే తిరిగొచ్చే ముక్కలే. అందుకే వరి జీనోమ్ పూర్తయిన పదమూడేళ్లకు, 2018లో గానీ గోధుమది సరైన రూపంలో రాలేదు. అందులో నమ్మకంగా గుర్తించిన జన్యువులు 1,07,891. మా కాలంలో ఇదేమీ లేదు, రంగు వేసిన స్లైడు, రెండు కళ్లు, ఓపిక అంతే.

ఇక నేరుగా సంకరం ఎందుకు కుదరదో చూద్దాం. చుట్టరికం ఎంత దూరమన్న దాని మీదే అంతా ఆధారపడుతుంది. ఎమ్మర్, ఉరార్తు, టౌషీ లాంటివాళ్లు పాలివాళ్లు. వాళ్ల క్రోమోజోములకూ గోధుమలోని ఏదో ఒక వంశానికీ పోలిక ఉంటుంది, జత కడతాయి, ముక్కలు మార్చుకుంటాయి. స్పెల్టాయిడిస్ లాంటివి కొంచెం ఎడమైన చుట్టాలు. రై (చలిదేశాల్లో పండే ఒక ధాన్యం), అంబెల్లులేటా, థైనోపైరం గడ్డి లాంటివి పేరుకే చుట్టాలు, పెళ్లి పత్రిక పంపడానికి కూడా ఆలోచించాల్సినంత దూరం.

పాలివాళ్ల దాకా పని సులువే. దూరంవాళ్ల దగ్గరే చిక్కు, ఆ చిక్కుకు ఒక పేరుంది: పీహెచ్1 అనే జన్యువు. ఇది 5బీ, అంటే బీ వంశంలోని ఐదో క్రోమోజోము, పొడవు భుజం మీద ఉంటుంది. 1958లో ఇంగ్లండ్‌లో రైలీ, చాప్‌మన్, అమెరికాలో సియర్స్, ఒకమోటో దీన్ని కనిపెట్టారు. మన పెళ్లిళ్లలో సగోత్రం పనికిరాదంటారు కదా, గోధుమలో అంతా తలకిందులు. 1ఏ క్రోమోజోము 1ఏతోనే జత కట్టాలి, 1బీ వైపు కన్నెత్తి చూడకూడదు. ఈ కాపలా లేకపోతే మూడు వంశాలు కలగాపులగమై గింజే పట్టదు. గోధుమ ఇన్ని వేల ఏళ్లు నిలకడగా పండుతోందంటే ఈ కాపలాదారు చలవే. మనకు అడ్డం పడేదీ అతనే. రై క్రోమోజోమును ఎంతో కష్టపడి గోధుమలోకి తెచ్చినా, అది జత లేకుండా ఓ మూల ఒంటరిగా నిలబడుతుంది. ముక్క మారదు. కావలసిన జన్యువు ఒక్కటే రాదు, క్రోమోజోము మొత్తం వస్తుంది, లేదా ఏదీ రాదు.

దీన్ని దాటడానికి సియర్స్ 1956లో చూపించిన దారి నేను ఇప్పటికీ విద్యార్థులకు చెబుతాను. అంబెల్లులేటా గడ్డిలో ఆకు తుప్పును (ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు లేపే శిలీంధ్ర రోగం) తట్టుకునే జన్యువు ఉంది గానీ చపాతీ గోధుమతో అది నేరుగా కలవదు. ఆయన మధ్యవర్తిగా అడవి ఎమ్మర్‌ను పెట్టాడు. ముందు ఆ రెండింటినీ కలిపి, వచ్చినదాన్ని గోధుమతో కలిపి, మళ్లీ మళ్లీ గోధుమతోనే కలిపి (దీన్నే బ్యాక్‌క్రాస్ అంటారు), ఒకే ఒక్క అడవి క్రోమోజోము అదనంగా ఉన్న మొక్కను పట్టాడు. పుప్పొడి రాలే ముందు దానికి ఎక్స్ కిరణాలు కొట్టాడు. క్రోమోజోములు విరిగి ఇష్టమొచ్చినట్టు అతుక్కున్నాయి. ఆ పుప్పొడితో వేల మొక్కలు పెంచి, తుప్పు పట్టనివి ఏరి, వాటిలో చిన్న ముక్క మాత్రమే అతుక్కున్నదాన్ని వెతికాడు. ఆ లైన్‌కు, అంటే ఆ మొక్క సంతతికి, ట్రాన్స్‌ఫర్ అని పేరు పెట్టాడు. జన్యువు పేరు ఎల్‌ఆర్9. తర్వాత 1977లో ఆయనే పీహెచ్1 లేని మ్యూటెంట్ (జన్యువులో మార్పు వచ్చిన) లైన్‌నూ తీశాడు. అంటే కాపలాదారును కాసేపు సెలవు మీద పంపి, దూరపు క్రోమోజోములను జత కట్టనిచ్చి, పనయ్యాక మళ్లీ పిలిపించడం. మీ టాపిక్‌లో ఈ మ్యూటెంట్ పేరు కచ్చితంగా తగులుతుంది.

పుస్తకంలో రెండు పేజీల్లో అయిపోయే ఈ పని చేతికొచ్చేసరికి వేరే. గోధుమ వెన్నులో ఒక్కో పువ్వునూ పట్టకారుతో విప్పి, పుప్పొడి తిత్తులు పగలకముందే తీసేసి, కవరు తొడిగి, రెండు మూడు రోజులాగి అడవి గడ్డి పుప్పొడి దులపాలి. గింజ పట్టినట్టే పట్టి ఎండిపోతుంది, లోపలి పిండానికి తిండి అందదు. అందుకని రెండు వారాల లోపు గింజ చీల్చి, పిండాన్ని బయటికి తీసి, సీసాలో పోషకాల మీద పెంచాలి. ఒక సీజన్‌లో పన్నెండు వందల పువ్వులు చేస్తే నాకు బతికిన మొక్కలు తొమ్మిది. ఆ తొమ్మిదీ గ్రోత్ చాంబర్‌లో (వేడి, వెలుతురు అదుపులో ఉంచే గది) ఉండగా ఒక శనివారం రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ స్టార్ట్ కాలేదు, సోమవారం పొద్దున తలుపు తీసేసరికి ఆరు పోయాయి. పొడిబారిన ఆ ఆకుల ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది. ఇది దిగులు పెట్టడానికి చెప్పడం లేదు, చేరేముందు అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి కాబట్టి చెబుతున్నాను.

మిగిలిన మూడింటికీ గింజ పట్టదు, ఎందుకంటే క్రోమోజోములకు సరైన జతలు లేవు. కాల్చిసిన్ అనే మందు పెట్టి సంఖ్యను రెట్టింపు చేయాలి. మన అడవుల్లో ఎర్రగా పూసే అగ్నిశిఖ దుంపలోనూ ఉండేది ఆ విషమే. మోతాదు కాస్త ఎక్కువైతే మొక్కే పోతుంది. ఆ తర్వాత మొదలవుతుంది బ్యాక్‌క్రాసుల పరంపర, ఐదారు తరాలు.

ఇంత చేసి జన్యువు వచ్చిందనుకోండి, దాని వెనక సామాను కూడా వస్తుంది. అసలు ఆలస్యమంతా ఇక్కడే అని నా అనుభవం. థైనోపైరం గడ్డి నుంచి వచ్చిన ఎల్‌ఆర్19 ఆకు తుప్పుకు గట్టి జన్యువు. కానీ దాని పక్కనే పసుపు రంగు జన్యువు కూర్చుని ఉంది, రెండూ విడిపోవు. పిండి పచ్చగా వస్తుంది. ఒకసారి అలాంటి లైన్ పిండి కిలో ఇంటికి తెస్తే మా అమ్మ చేత్తో తీసి చూసి, "ఇందులో శనగపిండి కలిపావా?" అని అడిగింది. తెల్ల బ్రెడ్ కావాలనేవాళ్లు దాన్ని పక్కన పెట్టేశారు. తర్వాత కెనడాలో నాట్ అనే ఆయన మ్యుటేషన్‌తో ఆ పసుపు తగ్గించాడు. తమాషా ఏమిటంటే పాస్తా చేసే డ్యూరమ్ గోధుమకు ఆ పసుపే వరం. ఒకరికి లోపమైనది ఇంకొకరికి గుణం, మీరు ఏ గోధుమ మీద పనిచేస్తున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది.

దూరపు చుట్టాల్లో బాగా కలిసొచ్చిన సంబంధం రైది. రై ఒకటో క్రోమోజోము పొట్టి భుజం గోధుమ 1బీ పొడవు భుజానికి అతుక్కుంది. మధ్యలో విరిగి తనంతట తానే అతికిన ముక్క. దాని మీద మూడు తుప్పులకూ, బూడిద తెగులుకూ కలిపి నాలుగు నిరోధక జన్యువులున్నాయి. సోవియట్ రకం కావ్కాజ్ మీదుగా మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన సంస్థ సిమ్మిట్‌కు, అక్కడి నుంచి ప్రపంచమంతటికీ పాకింది. మన పంజాబ్‌లో ఏళ్ల తరబడి రాజ్యమేలిన పీబీడబ్ల్యూ 343 అనే గోధుమ రకంలోనూ ఉన్నది అదే. మెషిన్‌లో కలిపే బ్రెడ్ పిండి మాత్రం దీంతో జిగటగా వస్తుంది. అయినా దిగుబడి బాగుండటంతో ఎవరూ వదల్లేదు.

అందరూ ఒకే ముక్క మీద ఆధారపడ్డారు. అందులోని కాండం తుప్పు జన్యువు ఎస్‌ఆర్31 ముప్పై ఏళ్లు నిలబడింది. 1998లో ఉగాండా పొలాల్లో దాన్ని దాటేసిన తుప్పు కనబడింది. దానికే యూజీ99 అని పేరు. అది కెన్యా, ఇథియోపియా, యెమెన్ మీదుగా 2007కి ఇరాన్ చేరింది. అడవి నుంచి ఎంత గట్టి జన్యువు తెచ్చినా దాన్ని ఒంటరిగా కోట్ల ఎకరాల్లో వదిలితే, తుప్పు ఏదో ఒకరోజు తాళం తీస్తుంది. దీనికి ఎదురుగా ఎల్‌ఆర్34ను చూడండి. ఇది అడవిది కాదు, పాత సాగు రకాల్లోనిది. తుప్పును పూర్తిగా ఆపదు, నెమ్మది చేస్తుంది, అంతే. అదే ఇన్ని దశాబ్దాలుగా పనిచేస్తోంది. నా ఓటు ఎప్పుడూ నాలుగైదు జన్యువులు కలిపి పెట్టేవాళ్లకే. మీ గైడ్ ఒకే ఒక్క పెద్ద జన్యువు గురించి ఊరిస్తే కాస్త ఆలోచించండి.

పాలివాళ్లతో పని తేలికన్నాను కదా, అక్కడ జరిగిన మంచి పని సింథటిక్ గోధుమ. ఎనిమిది వేల ఏళ్ల కిందటి ఆ పెళ్లిని ల్యాబ్‌లో మళ్లీ చేయడమే. డ్యూరమ్‌ను తల్లిగా పెట్టి, కొత్త టౌషీ మొక్కలతో కలిపి, వచ్చిన 21 క్రోమోజోములను 42 చేయడం. సిమ్మిట్ ఇలాంటివి వెయ్యికి పైగా చేసింది. చూడటానికి వికారంగా ఉంటాయి, వెన్ను గట్టిగా, గింజ ఊక వదలదు. అందుకే వాటినే రకంగా విడుదల చేయరు, మంచి గోధుమతో మళ్లీ కలుపుతారు. 2003లో చైనా సిచువాన్‌లో విడుదలైన చువాన్‌మై 42 అలా వచ్చిందే.

ఇంకొకటి ప్రోటీన్ జన్యువు. అడవి ఎమ్మర్‌లో ఉన్న ఈ జన్యువు ఆకు నుంచి నత్రజని, జింకు, ఇనుము గింజలోకి త్వరగా దించుతుంది. మనం సాగు చేసే గోధుమల్లో చాలావాటిలో అది చెడిపోయి ఉందని 2006లో బయటపడింది. తెచ్చి పెడితే పోషకాలు పెరుగుతాయి, పంట కొద్ది రోజులు ముందే పండుతుంది. ముందే పండితే కొన్నిచోట్ల గింజ చిన్నదవుతుంది. ఇచ్చిన చేత్తోనే కొంచెం వెనక్కి తీసుకుంటుందన్నమాట.

మాటల్లో మాట, ఈ మధ్య మన సూపర్ మార్కెట్లలో ఖప్లీ గోధుమ పిండి అని రెట్టింపు ధరకు అమ్ముతున్నారు కదా, అది సాగు ఎమ్మరే. ఉత్తర కర్ణాటక, మహారాష్ట్రల్లో తరతరాలుగా ఉంది. దాదాపు వందేళ్ల కిందట అమెరికాలో కాండం తుప్పు రకాలను గుర్తించడానికి ఎంచుకున్న పన్నెండు గోధుమల్లో ఖప్లీ ఒకటి. రుచి బాగుంటుంది, రవ్వ ఇంకా బాగుంటుంది. కానీ అందులోనూ గ్లూటెన్ ఉంది. సీలియాక్ (గ్లూటెన్ పడని పేగు జబ్బు) ఉన్నవాళ్లు "పాత గోధుమ" అని నమ్మి తినకూడదు.

రెండో ప్రశ్న, జీఎం, అంటే బయటి జన్యువును ల్యాబ్‌లో నేరుగా చొప్పించడం. ఇది అది కాదు. పైన చెప్పినదంతా పుప్పొడితో, బ్యాక్‌క్రాసుతో, మహా అయితే ఎక్స్ కిరణాలతో జరిగిన పని. జీఎం గోధుమ వేరే ఉంది, అర్జెంటీనాలో 2020లో అనుమతి పొందిన హెచ్‌బీ4, అందులో పొద్దుతిరుగుడు జన్యువు పెట్టారు. జీన్ ఎడిటింగ్ ఇంకో దారి. మన రాజేంద్రనగర్ వరి సంస్థ సాంబ మసూరిని ఎడిట్ చేసి కమల అనే రకం తీసిందని 2025 మేలో ప్రకటించారు. ఎడిటింగ్‌తో ఉన్న జన్యువును సరిదిద్దుతారు. గోధుమలో అసలు లేని నిరోధక జన్యువు కావాలంటే ఎవరో ఒకరు అడవి గడ్డి దగ్గరికి వెళ్లక తప్పదు.

మూడోది, మనకు పనేంటని. గోధుమ మన దగ్గర ఆదిలాబాద్ లాంటిచోట్ల కొద్దిగా తప్ప లేదు, నిజమే. కానీ నిరోధక జన్యువుల గొడవ మన మీదుగానే నడుస్తోంది. గోధుమ తుప్పు ఎండాకాలం మైదానాల్లో బతకదని, నీలగిరుల్లోనూ హిమాలయాల్లోనూ తలదాచుకుంటుందని తుప్పు రోగాల శాస్త్రవేత్త కె.సి. మెహతా ఎప్పుడో చూపించాడు. తర్వాతివాళ్లు చూసిందేమిటంటే, నవంబరులో బంగాళాఖాతం తుఫాన్లు నీలగిరుల తుప్పు బీజాలను మధ్య భారతం దాకా మోసి వానతో దించుతాయి. మనం వరి కోతల టైంలో టెన్షన్ పడే ఆ తుఫాను, పైన గోధుమ రోగాన్ని మోసుకుపోతూ ఉంటుంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ మీ పళ్లెంలోనే ఉంది. 2008లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి సంస్థ కలిసి తీసిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరిలో బాక్టీరియా ఎండాకు తెగులును ఆపే మూడు జన్యువులున్నాయి. వాటిలో ఎక్స్‌ఏ21 ఆఫ్రికాలోని మాలి నుంచి వచ్చిన అడవి వరిది. వరిలో అది పాలివాళ్ల సంబంధం, జీనోమ్ ఒకటే, కాపలాదారు గొడవ లేదు. కందిలో హైబ్రిడ్ సాధ్యమైంది పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో అడవి కంది సైటోప్లాజం (కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పదార్థం) వాడటం వల్ల. వేరుశనగైతే గోధుమకు కవలే: రెండు అడవి జాతులు ఒక్కసారి కలిసి 40 క్రోమోజోముల పంట పుట్టింది, అడవి చుట్టాల్లో ఆ సంఖ్య 20, అక్కడా రెట్టింపు చేయాల్సిందే, అక్కడా తుప్పు నిరోధకత అడవి నుంచి తెచ్చారు. గోధుమలో చేయి తిరిగినవాళ్లకు వేరుశనగలో పని రెండు నెలల్లో పట్టుబడుతుంది. ఉల్టా అంత తేలిక కాదు.

కాబట్టి వెళ్లమనే అంటాను, ఒక షరతుతో. మొదటి సంకరం నుంచి మొదలుపెట్టమంటే ఒప్పుకోకండి. నాలుగేళ్లలో మీ చేతికి నాలుగు ఎండిన వెన్నులు, ఒక థీసిస్‌లో సగం వస్తాయి. ఎవరో పదేళ్ల కిందట మొదలుపెట్టి, రెండు మూడు బ్యాక్‌క్రాసులు దాటిన లైన్లు ఉంటే వాటిలో అడవి ముక్క ఎంతుందో కొలిచి, దాన్ని తగ్గించే పని అడగండి. వేసవి పంటకు నీలగిరుల్లో వెల్లింగ్టన్‌కు గానీ, లాహౌల్‌లో దలాంగ్ మైదాన్‌కు గానీ పంపుతారా? తుప్పు పరీక్ష సిమ్లా ఫ్లవర్‌డేల్‌లో చేయిస్తారా, లేక పొలంలో కళ్లతో చూసి సరిపెడతారా? గ్రోత్ చాంబర్‌కు జనరేటర్ ఉందా, శని ఆదివారాల్లో దాన్ని ఎవరు చూస్తారు? ఈ చివరిది అడిగితే నవ్వుతారు, పర్లేదు, అడగండి.

టాపిక్ కాగితంలో అడవి జాతి పేరు ఏం రాశారో చెబితే, అది పాలివాళ్ల కిందికి వస్తుందో దూరపు చుట్టమో, ఎన్నేళ్లు పట్టొచ్చో చెబుతాను.